చౌడు మోసిన బంగ్లా

ఆ ఏడు మా సీమలో వాన కోసం మొక్కని మనిషి లేడు. కప్పను రోకలికి కట్టుకుని పిల్లలు ఇంటింటా నీళ్ళు పోయించుకున్నారు. ఊరివాళ్ళు మారెమ్మకు అంబలి పోశారు. రేకుల చర్చిలో క్రైస్తవులు మోకాళ్ళు నొప్పిపుట్టేదాకా అడిగారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, వద్దని అడిగింది ఒక్క నల్లమ్మే. పైకి చెబితే తన్ని తరిమేవాళ్ళు కాబట్టి అందరితో పాటు ఆమెన్ అని, లోపల మాత్రం బేరం పెట్టేది. "ప్రభువా, ఊతకట్టెలు వచ్చేదాకా ఆపు. ఆపైన నీ ఇష్టం, ఎంతైనా కురిపించుకో."

ఆమె భయమంతా పొగగూళ్ళ బంగ్లా కప్పు గురించి. ఆ బంగ్లాకు ఆమె మొగుడు యేసన్న కావలిదారు.

ముదిగుబ్బ నుంచి కదిరికి పోయే రోడ్డులో, ఎడమవైపు గుట్ట మీద ఉండేది ఆ బంగ్లా. గనుల్లో బాగా సంపాదించిన ఒక తెల్లదొర కట్టించాడు. ఇంగ్లండులో, పల్లెపట్టున, వాళ్ళ తాతముత్తాతలకు పెద్ద ఇల్లుండేదట. వందల ఏండ్ల నాటి ఇల్లు. అక్కడ ఆస్తంతా పెద్దకొడుక్కే పోతుందట, ఈయన చిన్నకొడుకు. అన్నకు ఇల్లు దక్కింది, తమ్ముడికి ఆ ఇంటి పటం దక్కింది. దొర ఆ పటాన్ని గుట్ట మీద ఒక బండకు ఆనించి, మేస్త్రీలను పిలిచి, "ఇట్లాగే కట్టండి" అన్నాడట. మావాళ్ళు చెప్పిన పని చేసేవాళ్ళు. అట్లాగే కట్టారు.

గదికో పొగగూడు పెట్టారు. చలి కాచుకోవడానికట. రోహిణి కార్తెలో బండ మీద అప్పడం కాలే దేశంలో! మంచు పడితే జారిపోవాలని నల్లపలకల కప్పును నిటారుగా నిలబెట్టారు. మా సీమలో ఆకాశం నుంచి ఏది జారినా కళ్ళకద్దుకుంటాం, జారిపోనిస్తామా? దొర దేశంలో ఎండ కరువు గనుక ఎండను లోపలికి పిలవడానికి పడమటి గోడంతా నిలువెత్తు అద్దాల కిటికీలు పెట్టారు. ఇక్కడి ఎండను ఎవరు పిలవాలి? పిలవకుండానే వచ్చి నట్టింట్లో కూర్చుంటుంది. చివరికి ఆ కిటికీలకు గోనెపట్టలు కట్టి, హాలును పగలే చీకటి చేసుకున్నాడు దొర. పటంలో ఉన్నట్టు ఉందా లేదా, అదే ఆయనకు కావలసింది.

ఆ ఇంట్లో ఇంకో విచిత్రం కూడా ఉంది. వెనక వంటకొట్టం నుంచి హాలు దాకా రెండు గోడల నడుమ ఒక సన్నటి దారి కట్టారు. అది పనివాళ్ళ దారి. దానికి కిటికీ లేదు, వెలుతురు లేదు. హాలులోకి తెరుచుకునే దాని తలుపు చెక్కగోడలో కలిసిపోయి, ఇది తలుపని తెలియకుండా ఉండేది. దొరకు కాఫీ కనబడాలి, తెచ్చినవాడు కనబడకూడదు. యేసన్న తండ్రి బతుకంతా ఆ సందులోనే నడిచాడు. యేసన్న పసితనంలో నీళ్ళకుండతో ఆ సందులోనే నడవడం నేర్చుకున్నాడు. దొర ఓడెక్కి వెళ్ళిపోయాక, బంగ్లా సర్కారుదయ్యాక, తాళాలన్నీ యేసన్న మొలకే వేలాడాయి. అయినా అతను ముందర వాకిలి ఊడ్చి, మెట్లు కడిగి, తలుపు తీసిపెట్టి, మళ్ళీ బంగ్లా చుట్టూ తిరిగి వెనకనుంచే లోపలికి పోయేవాడు.

"దొర పోయి ఎన్నేండ్లాయ! ఈ గడప తొక్కితే కాలు కాలుతాదా నీకు?" అని నల్లమ్మ అరిచేది.

"అలవాటు లేదులేమ్మే" అనేవాడు.

అసలు కథ కప్పుది. పటంలో ఇల్లు చాలా వెడల్పు. అంత వెడల్పుకు ఒకే వాలు కప్పు వేస్తే ఆకాశానికి తగిలేదేమో, అందుకని ముందొక వాలు, వెనకొక వాలు కట్టి, రెండిటి నడుమ, సరిగ్గా హాలు నెత్తిన, ఒక పొడుగాటి లోయ వదిలారు. వాననీళ్ళు ఆ లోయలో పడి అటూ ఇటూ పారిపోవాలి. లోయ అడుగున సీసం రేకులు పరిచారు. దొర వెళ్ళిన రెండో ఏడే ఎవరో ఆ రేకులు ఒలుచుకుపోయారు. ఆ ఏడు వానకు హాలంతా చెరువయింది.

మా సీమలో కప్పు కారితే ఏం చేస్తాం? చౌడు వేస్తాం. మట్టిమిద్దెల్లో పుట్టి మట్టిమిద్దెల్లో పోయేవాళ్ళం. వంక ఒడ్డున తెల్లగా తేలిన చౌడుమన్ను తెచ్చి, మిద్దె మీద పరిచి, తొక్కి వదిలితే, తొలివానకు మైనంలా పట్టుకుని చుక్క దిగనివ్వదు. యేసన్న అదే చేశాడు. గాడిదల మీద చౌడు తోలించి, నల్లమ్మ గంపలకెత్తి అందిస్తే, నిచ్చెనెక్కి లోయ నింపాడు. కారడం ఆగిపోయింది. మరుసటి ఏడు వానలకు ముందు మళ్ళీ వేశాడు. ఆ మరుసటేడూ వేశాడు. సొంత మిద్దెకు వేసినదానికన్నా శ్రద్ధగా వేశాడు. దొరలు కట్టుకున్న ఇంటికి నేను గొడుగు పట్టాను అని అతనికి లోలోపల గర్వం.

అప్పుడు పెద్ద కరువు వచ్చింది. వరసగా వానలు ఎగ్గొట్టాయి. కంకర కొట్టే కరువు పనులు గుట్ట కింద మొదలయ్యాయి. కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళు పనికి పోతే, ముసలివాళ్ళనూ చంటిపిల్లలనూ బంగ్లా హాలులో వదిలిపోయేవాళ్ళు. అక్కడే గంజి కేంద్రం పెట్టారు. నల్లమ్మ పాలపొడి కలిపి జొన్నగంజి కాచేది. దొర కాఫీ తాగిన హాలులో మా అవ్వలు గొంగళ్ళు పరుచుకుని, కాళ్ళు చాపుకుని, కోడళ్ళను తిట్టుకున్నారు. ఆ ఒక్క సంగతిలో కరువును మెచ్చుకోవాలి.

పనులు చూడవచ్చిన ఓవర్సీరు నరసింహప్ప ఒకనాడు గంజి తాగుదామని హాలులో కూర్చుని, తలెత్తి చూసి, గ్లాసు కింద పెట్టేశాడు. కప్పు కింది సున్నంలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పగులు. నిచ్చెన వేయించుకుని పైకి ఎక్కాడు. దిగాక మొఖం తుడుచుకుంటూ అడిగాడు.

"ఎవరప్పా పైన మన్ను పోసింది?"

"నేనే సామీ" అన్నాడు యేసన్న, మెచ్చుకుంటారేమో అన్నంత ఉత్సాహంగా. "సీసం పోయినాంక ధారలు ధారలు కారుతాండె. చౌడు ఏసినా. ఆపొద్దు నుంచి ఒక చుక్క లే."

"ఏటేటా ఏసినావా?"

"ఏటేటా ఏసినా, మిద్దెకు ఏసినట్లే."

"పాతది గీకి తీసినావా?"

"తీస్తే కారదా సామీ?"

నరసింహప్ప కోప్పడలేదు. అతనిదీ గార్లదిన్నె పక్క మట్టిమిద్దే. మెల్లగా చెప్పాడు. "మన మిద్దె వేరే యేసన్నా. దానికి దూలం పక్కన దూలం ఉంటాది, గోడ లావు ఉంటాది. ఈడ ఆ లోయ కింద ఉండేది ఒకే దూలం. నీళ్ళు పారిపోవాల అని కట్టినారు గానీ మన్ను మోయాల అని కట్టలే. ఆ దూలం ఎప్పుడో ఇరిగింది. ఎండుమన్ను కాబట్టి ఇంకా నిలిచుండాది. తడిసిందంటే బరువు ఏడికి పోతాదో చెప్పలేం."

"ఈ పొద్దే తీసేస్తా సామీ."

"నువ్వు ఎక్కితే నువ్వూ మన్నూ అందరూ ఒకేసారి కిందికి వస్తారు. మొదుట కింద ఊత పెట్టాల. కదిరి నుంచి కట్టెలు పంపిస్తా. అందాకా లోపల ఎవర్నీ ఉండనియ్యొద్దు. వానొస్తే మాత్రం ఒక్క పానం కూడా లోపల ఉండకూడదు."

ఆయన జీపెక్కి వెళ్ళిపోయాడు. నల్లమ్మకు ఆ రోజు నుంచి తిండి సయించలేదు.

లోపల ఉండనివ్వొద్దు అనడం సులువే. బయట నీడేదీ? గుట్ట మీది చెట్ల కొమ్మలన్నీ గొర్రెలకు కొట్టేసి మోళ్ళు చేశారు. చంటిబిడ్డలను ఎండలో పడుకోబెడితే కప్పు కూలకముందే పోతారు. నల్లమ్మ రోజూ పొద్దున్నే హాలు ఊడ్చేది. పగులు కింద రాలిన సున్నం నిన్నటికన్నా ఎక్కువ ఉందా, తక్కువ ఉందా అని చేతిలోకి తీసుకుని చూసేది. ఒక్కోసారి గంజిలో కూడా పడేది. ఊడ్చి బయటికొచ్చి ఆకాశం చూసేది. తెల్లగా, గీకిన గిన్నెలా ఉంటే గుండె కుదుటపడేది. ఆ కుదుటపడడం చూసి ఆమెకే సిగ్గేసేది. కింద చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి. సగం ఊరు పశువులను తోలుకుని వలస పోయింది. తనకేమో మబ్బు కనబడకపోతే పండగ!

అవ్వలకు చెప్పి చూసింది. వాళ్ళలో పెద్దది బయమ్మ. చూపు సరిగా ఆనదు, నోరు మాత్రం ఊరంతా ఆనుతుంది.

"ఏమే నల్లమ్మా, సున్నం రాలితే ఊడ్చుకో. ఆకాశం రాలినప్పుడు చెప్పు, లేస్తా" అంది బయమ్మ. హాలంతా నవ్వింది.

"నగుతాండారు గానీ అవ్వా, ఒక చినుకు పడినా బయటికి రావాల. మాటియ్యి."

"వాన రాకడ, పానం పోకడ ఎవరికి తెలుసే? నిజంగా వానొస్తే నువ్వు పిలిచే పని లే. ఈ కండ్లకు కనపడకపోయినా నెత్తిన పడేది తెలుస్తాది కదా."

యేసన్న అయితే నల్లమ్మతో మాట్లాడడమే మానేశాడు. ఓవర్సీరు మాట అతనికి కప్పుకన్నా బరువుగా తగిలింది. ఇన్నేండ్లు కాపాడాననుకున్న ఇంటికి తానే ఎసరు పెట్టాడని ఎవరు ఒప్పుకుంటారు? చర్చిలో వాన కోసం అందరికన్నా గట్టిగా ప్రార్థన చేశాడు. పక్కనే కూర్చున్న నల్లమ్మకు అతని నోరు మూయాలనిపించింది.

కట్టెలు ఈ పొద్దు, రేపు అని కబుర్లు వస్తూనే ఉన్నాయి, కట్టెలు మాత్రం రాలేదు. మృగశిర కార్తె దాటింది. గాలి దిక్కు మారింది. ఒకరోజు పొద్దున నల్లమ్మ నీళ్ళకు పోయి వచ్చేసరికి యేసన్న కప్పు మీద ఉన్నాడు. లోయ అంచున కూర్చుని పారతో మన్ను గీకి కిందికి విసురుతున్నాడు.

"దిగు! నీకు దండం పెడతా, దిగు!"

అతను వినిపించుకోలేదు. రెండు పారలు తీశాడో లేదో, కింద దూలం మూలిగింది. ముసలి ఎద్దు పండుకోబోతూ మూలిగినట్టు. ఆ చప్పుడు బయట నిలబడ్డ నల్లమ్మకు కూడా వినబడింది. యేసన్న పార అక్కడే వదిలేసి, పాకుతూ నిచ్చెన అందుకున్నాడు. దిగి నేల మీద కూలబడ్డాడు.

"నల్లమ్మా" అన్నాడు చాలా రోజుల తర్వాత. "కారకుండా ఉండాలనే కదమ్మే ఏసినా?"

ఆమెకు తిట్టాలనిపించలేదు. అతని పక్కనే కూర్చుని, "అవును, దానికే ఏసినావు" అంది.

ఆ రోజు నుంచి ఇద్దరిదీ ఒకే భయం అయింది. అది కొంత నయం. యేసన్న గంజి వేళ దాటగానే కట్టెల బండి కోసం రోడ్డుకు పోయి కూర్చునేవాడు. పోయేముందు ప్రతిసారీ చెప్పేవాడు. "చినుకు పడితే నువ్వు బయట అరుస్తాండు. నేను యాడున్నా వచ్చి అందర్నీ మోసి బయట ఏస్తా."

వాన మధ్యాహ్నం తిరిగాక వచ్చింది. తనకల్లు వైపు కొండల వెనక నల్లగా లేచి, చూస్తుండగానే పొద్దును మింగింది. వంటకొట్టంలో గిన్నెలు తోముతున్న నల్లమ్మ ముంజేతి మీద ఒక చినుకు పడింది. రూపాయి బిళ్ళంత చినుకు. చేతిలో గరిటె అట్లాగే ఉంది. బంగ్లా చుట్టూ ముందరికి పరుగెత్తింది. "బయటికి రాండి! బయటికి రాండి!" అని గొంతు చించుకుంది.

పిలవాల్సిన పనే లేకపోయింది. బయమ్మ అన్నంతా అయింది. మట్టివాసన హాలులోకి వెళ్ళిన క్షణాన లేవలేని అవ్వలు లేచారు. చంటిబిడ్డలను చంకనేసుకుని, ఒకరినొకరు తోసుకుంటూ ముందర వాకిలిలోంచి మెట్ల మీదికి, మెట్ల మీది నుంచి గుట్ట మీదికి వచ్చేశారు. బోసినోళ్ళు తెరిచి పైకెత్తారు. కంకర పని వదిలి గుట్టెక్కిన మారెప్ప, తన తల్లి బయమ్మను భుజం మీద ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. నల్లమ్మ ఒక్కొక్క మొఖం చూసుకుంది. అందరూ ఉన్నారు. లోపలికి తొంగి చూసింది. పరిచిన గొంగళ్ళే ఉన్నాయి. ఆ నిమిషాన ఆమెకు కూడా వాన ముద్దొచ్చింది. మొదటిసారి మొఖమెత్తి తడిసింది.

కానీ వాన చినుకులతో ఆగలేదు. కుండతో కుమ్మరించినట్టు పట్టుకుంది, వెంట చలిగాలి తెచ్చింది. బిడ్డలు ఏడవసాగారు. అవ్వలు వణుకుతూ మెట్లవైపు తిరిగారు. నల్లమ్మ పరుగెత్తి వాకిలికి అడ్డంగా నిలబడి గరిటె ఎత్తింది.

"ఎవరొచ్చినా మొఖం పగలగొడతా!"

"పిచ్చి పట్టిందా నీకు? బిడ్డలు సచ్చిపోతారే!"

"నా గొంగళి తడిసిపోతాదే, తప్పుకో!"

"బండల కిందికి పోండి. గొడ్లకొట్టంలోకి పోండి. ఈడికి మాత్రం రావొద్దు."

మారెప్ప ఆమె చెయ్యి పట్టుకుని లాగబోయాడు. ఆమె నిజంగానే కొట్టింది. అతని నుదురు చిట్లింది. అప్పుడు వెనక్కి తగ్గారు, శాపనార్థాలు పెడుతూ.

ఆమె వీపు వెనక, హాలులోపలి నుంచి, ఒక గొంతు వినబడింది.

"అవ్వా! బయమ్మవ్వా! లేయండి, లేయండి!"

నల్లమ్మ తిరిగి చూసింది. యేసన్న. రోడ్డు నుంచి వానలో పడి వచ్చాడు. వానొస్తే జనం ఇంట్లో దూరతారు గానీ బయట ఉంటారని అతను ఎట్లా అనుకుంటాడు? గుట్ట వెనకనుంచి ఎక్కి, వంటకొట్టం దాటి, ఆ సందులోంచి వచ్చాడు. ఆ గోడల నడుమ నడిచేవాడికి బయట ఎంత అరిచినా వినబడదు. గోనెపట్టల చీకట్లో పరిచి ఉన్న గొంగళ్ళు పండుకున్న మనుషుల్లాగే ఉన్నాయి. అతను వంగి ఒక్కొక్కటీ తడుముతున్నాడు. బయమ్మ గొంగళి ఎత్తి, కింద మనిషి లేక, అయోమయంగా నిలబడ్డాడు. పైనుంచి సున్నం కాదు, తడిమట్టి ముద్దలు పడుతున్నాయి.

"అందరూ బయట ఉండారు! ఇట్లా రా! ముందరికి రా, ముందరికి!"

అతను ఆమెను చూశాడు. ఊపిరి పీల్చుకుని నవ్వినట్టు కూడా అనిపించింది. ముందర వాకిలి రెండు రెక్కలూ తెరిచి ఉంది, వెలుగు లోపలికి పడుతోంది, నాలుగు అంగలు వేస్తే చాలు. యేసన్న గొంగళి చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాడు. చెక్కగోడలోని ఆ చిన్న తలుపు హాలు ఆ చివర ఉంది. దాని వైపు పరుగెత్తాడు. అతను ఆలోచించలేదు. పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో అతని కాళ్ళకు తెలిసిన దారి అదొక్కటే.

దూలం ఈసారి మూలగలేదు, ఒక్కసారిగా పగిలింది. ఇన్నేండ్ల చౌడు, నల్లపలకలు, పొగగూళ్ళ ఇటుకలు, అన్నీ కలిసి దిగాయి. నల్లమ్మను మారెప్ప వెనక్కి లాగాడు.

వాన వెలవకముందే మగవాళ్ళు పారలతో తవ్వారు. తడిచౌడు మహా జిగట, పారను వదలదు. చీకటి పడకముందే యేసన్న శవాన్ని బయటికి తీశారు. గొంగళి ఇంకా చంకలోనే ఉంది.

మరుసటి పొద్దున వంటకొట్టం ముందు యేసన్నను పడుకోబెట్టి, కదిరి నుంచి పాస్టరు గారి కోసం ఎదురుచూస్తున్నారు. వంకలన్నీ పారుతున్నాయి, బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. నల్లమ్మ కంట చుక్క రాలేదు. ఊరిలో రైతులందరూ వచ్చారు. ఎడంగా, చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ మనవళ్ళూ తల్లులూ ఆ హాలులో ఉన్నవాళ్ళే. మా పల్లెల్లో ఒక కట్టుంది. శవం లేచేదాకా ఊళ్ళో ఎవరూ ఎద్దు మెడ మీద కాడి పెట్టకూడదు. పోయినవాడు ఏ కులమైనా, ఏ దేవుణ్ణి మొక్కేవాడైనా సరే.

ఆకాశం కడిగినట్టు ఉంది. గాలి మొదలైంది. మా ఎర్రనేలల్లో పదును, అంటే విత్తడానికి తగిన తడి, పొద్దునున్నట్టు సాయంత్రం ఉండదు. ఎన్నాళ్ళకో ఒక్క వాన పడింది. ఆ తేమలో శనక్కాయ విత్తనం పడకపోతే ఇంకో ఏడు కంకర కొట్టుకోవాలి.

ఎవరూ ఆ మాట అనలేదు. పెద్దరైతు చెన్నప్ప ముందుకొచ్చి, తలపాగ తీసి చేత పట్టుకుని, "తొందరేం లేదులే నల్లమ్మా, పాస్టరు గారు నిదానంగా రానీ" అన్నాడు. అంటూనే, అతనికి తెలియకుండా, అతని కాలి బొటనవేలు నేలను గీకుతోంది. ఎంత లోతు తడిసిందో చూస్తోంది.

నల్లమ్మ ఆ వేలును చూసింది. ముందు ఒళ్ళు మండింది. తర్వాత వరసగా నిలబడ్డ మిగతావాళ్ళ కాళ్ళు చూసింది.

"ఎత్తండి చెన్నప్పన్నా" అంది.

"పాస్టరు గారు రాకుండానే ఎట్లా? ప్రార్థన ఎవరు చెప్తారు?"

"నాకు వచ్చిన కాడికి నేను చెప్పుకుంటా. ఎత్తండి."

గుట్ట వాలులోనే గుంత తవ్వారు. నేల మెత్తగా తెగింది. మన్ను కప్పాక ఎవరూ కదల్లేదు. వెంటనే పోతే ఏం బాగుంటుందని ఒకరి మొఖాలొకరు చూసుకున్నారు.

"పోండప్పా. పదును పోతాది."

మగవాళ్ళు పారలు భుజాన వేసుకుని, తలలు వంచుకుని, నెమ్మదిగా నడిచారు. దారి బండ చాటుకు తిరిగేదాకా అట్లాగే నడిచారు. ఆమెకు ఇక కనబడమనుకున్నాక పరుగెత్తారు. కింద చేలగట్ల మీద వాళ్ళు మళ్ళీ కనబడ్డారు. అందరికన్నా ముందు చెన్నప్ప, ఆ వయసులో, పంచె ఎగగట్టి, కొట్టంలో ఎద్దుల కోసం పరుగెడుతున్నాడు. నల్లమ్మ అది చూసి, అప్పుడు ఏడ్చింది.